ట్రైలర్ ఎప్పుడు వదలాలి?

2025 ఆగస్టు 21న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న స్టూడియో ఒక ట్రైలర్ విడుదల చేసింది. ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ ఇంకో రెండు వారాల్లో, సెప్టెంబర్ 4న వస్తోందన్నది అందులో కబురు. ఆ గేమ్‌ను మొదట ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. మధ్యలో ఆరున్నరేళ్లు గడిచాయి. ఎక్కడ ఏ గేమ్‌ల కార్యక్రమం జరిగినా ‘సిల్క్‌సాంగ్ ఏదీ?’ అని అడగడం అభిమానులకు అలవాటైన వేళాకోళంగా మారిపోయింది. తేదీ తెలియగానే ఆ వేళాకోళం ఆగి హడావుడి మొదలైంది. ఆ రోజుల్లోనే రావాల్సిన చిన్న గేమ్‌లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి. సెప్టెంబర్ 3న రావాల్సిన ‘డెమన్‌స్కూల్’ ఏకంగా నవంబర్‌కు వెళ్లిపోయింది. విడుదల రోజున పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌తో పాటు కన్సోల్ కంపెనీల ఆన్‌లైన్ దుకాణాలు కూడా తాకిడికి తట్టుకోలేక కాసేపు మొరాయించాయి.

అంటే చాలా పొడవైన నిరీక్షణ, చాలా పొట్టి ప్రచారం రెండూ ఒకే గేమ్‌కు దక్కాయి. అమ్మకాలకు పనికొచ్చింది ఏది? ఆరున్నరేళ్లా, పద్నాలుగు రోజులా? రాబోయే గేమ్ గురించి ఎప్పుడు నోరు విప్పాలన్న ప్రశ్నకు పబ్లిషర్లు ముప్పై ఏళ్లుగా రకరకాల జవాబులు ప్రయత్నించారు. అవన్నీ వరసగా చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ప్రకటన తేదీని బట్టి అది ఎవరిని ఉద్దేశించిందో పసిగట్టవచ్చు. కొనేవాడి కోసం చేసే ప్రకటన సాధారణంగా విడుదలకు ఆరు నెలల లోపే వస్తుంది. మూడేళ్లు, ఐదేళ్లు ముందు వచ్చిందంటే దాని అసలు శ్రోత వేరే ఎవరో అయి ఉంటారు.

మొదట్లో ఈ తలనొప్పే లేదు. కార్ట్రిడ్జ్‌ల కాలంలో సరుకు ఏ ఊరి దుకాణానికి ఎప్పుడు చేరితే అప్పుడే విడుదల. దేశమంతటికీ ఒకే తేదీ అన్న ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేసి చూపించింది సెగా. 1992 నవంబర్ 24 మంగళవారం నాడు ‘సోనిక్ 2’ను అమెరికా, ఐరోపా దుకాణాల్లో ఒకేసారి పెట్టి, ఆ వారం పేరునే ప్రచార నినాదంగా మార్చుకుంది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 13 సోమవారం నాడు అక్లెయిమ్ కంపెనీ ‘మోర్టల్ కాంబాట్’ను నాలుగు యంత్రాలపై ఒకేసారి దించింది. ప్రచారానికే కోటి డాలర్లు పెట్టింది. సినిమాకు ఉన్నట్టే గేమ్‌కు కూడా ‘రిలీజ్ డేట్’ అనే పండగ పుట్టింది అప్పుడే.

ఆ రోజుల్లో ముందుగా చెప్పడం అవసరం కూడా. పత్రికలు నెలల ముందే పేజీలు సిద్ధం చేసుకునేవి. దుకాణదారులు పండగ సీజన్ ఆర్డర్లు ముందే ఇచ్చేవారు. కార్ట్రిడ్జ్‌లు తయారు చేయించడానికి వారాల తరబడి సమయం, చేతిలో డబ్బు రెండూ కావాలి. వీళ్లందరినీ ఒక గూటికి చేర్చడానికి 1995 మేలో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వార్షిక ప్రదర్శన మొదలైంది. విచిత్రం ఏమిటంటే, ముందస్తు ప్రకటనల కోసమే పుట్టిన ఆ వేదిక మీద మొదటి రోజే ఒక కంపెనీ ప్రకటన లేకుండా సరుకు దించి చేతులు కాల్చుకుంది.

ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘చడీచప్పుడు లేకుండా విడుదల’ అనగానే ఇవాళ అందరూ అదేదో కొత్త తెలివి అనుకుంటారు. సెగా తన సాటర్న్ కన్సోల్‌ను 1995 సెప్టెంబర్ 2న తెస్తానని అప్పటికే చెప్పి ఉంది. సోనీ ప్లేస్టేషన్ అదే నెలలో రాబోతోంది. పోటీదారుడి కన్నా నాలుగు నెలలు ముందుండాలన్న జపాన్ కేంద్ర కార్యాలయం ఒత్తిడితో, మే 11న సెగా అమెరికా అధిపతి టామ్ కాలిన్‌స్కీ ఈ3 వేదికెక్కి, సాటర్న్ ఈ రోజు నుంచే 399 డాలర్లకు దొరుకుతుందన్నాడు. దొరికేది కొన్ని ఎంపిక చేసిన దుకాణాల్లోనే. మిగతా దుకాణాలవాళ్లకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. వాళ్లలో కేబీ టాయ్స్ అనే పెద్ద బొమ్మల దుకాణాల సంస్థ అలిగి, సాటర్న్‌ను అసలు అమ్మనంది. బయటి స్టూడియోలన్నీ సెప్టెంబర్‌ను లెక్కలో పెట్టుకుని గేమ్‌లు తయారు చేస్తున్నాయి కాబట్టి, కొన్నవాళ్లకు ఆడటానికి సెగా సొంత గేమ్‌లు గుప్పెడు తప్ప ఏమీ లేవు. కాసేపటికి సోనీ వంతు వచ్చింది. ఆ కంపెనీ తరఫున స్టీవ్ రేస్ మైకు దగ్గరకు వెళ్లి ‘299’ అన్న ఒక్క అంకె పలికి దిగిపోయాడు. ధరలో వంద డాలర్ల తేడా. హాలు చప్పట్లతో మారుమోగింది.

ఇందులో సెగా చేసిన తప్పు ఆశ్చర్యపరచడం కాదు. ఎవరిని ఆశ్చర్యపరచకూడదో వాళ్లనే ఆశ్చర్యపరిచింది. ఆటగాడికి కానుక ఇవ్వబోయి, సరుకు అమ్మిపెట్టేవాడికీ, గేమ్‌లు చేసిపెట్టేవాడికీ వెన్నుపోటు పొడిచినట్టయింది.

ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు ఈ3 పరిశ్రమకు క్యాలెండర్ అయి కూర్చుంది. ప్రతి ఏటా ఏదో ఒకటి చూపించాలి. గేమ్ సిద్ధంగా లేకపోయినా చూపించాలి. స్టూడియోలు వారాల తరబడి అసలు పని ఆపి, ప్రదర్శన కోసమే ఒక పది నిమిషాల ముక్కను మెరుగులు దిద్దేవి. 2003 ఈ3లో వాల్వ్ కంపెనీ ‘హాఫ్ లైఫ్ 2’ చూపించి, సెప్టెంబర్ 30న విడుదల అంది. ఆ తేదీ వచ్చింది, పోయింది. ఈలోగా సోర్స్ కోడ్ దొంగలపాలై బయటపడింది. గేమ్ చేతికొచ్చింది 2004 నవంబర్‌లో. 2012లో యూబీసాఫ్ట్ ‘వాచ్ డాగ్స్’ చూపించినప్పుడు దాని బొమ్మల నాణ్యతకు జనం నోరు వెళ్లబెట్టారు. 2014 మేలో విడుదలయ్యాక, రెండేళ్ల కిందటి వీడియోనూ చేతికొచ్చిన గేమ్‌నూ పక్కపక్కన పెట్టి నిలదీశారు. గేమ్ మరీ చెడ్డదేం కాదు. దాని శత్రువు దాని పాత వీడియోనే.

ముందుగా చూపించడంలో ఉన్న అసలు చిక్కు ఇదే. సినిమా షూటింగ్ సగం అయ్యేసరికి ఎంతో కొంత ఫుటేజీ ఖాయంగా చేతిలో ఉంటుంది. గేమ్ విషయంలో చివరి ఆరు నెలల వరకూ ఏది నిలుస్తుందో, ఏది తీసేయాల్సి వస్తుందో తయారు చేసేవాళ్లకే తెలియదు. తొలినాళ్ల ట్రైలర్ అంటే గేమ్‌లోంచి కోసిన ముక్క కాదు, ఇలా ఉంటే బాగుంటుందన్న కోరిక. చూసేవాడు మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకుంటాడు.

దీనికి విరుగుడుగా వచ్చిన ప్రచారాల్లో అందరూ చెప్పుకునేది ‘ఫాలౌట్ 4’. 2015 జూన్ 3న బెథెస్డా దాన్ని ప్రకటించింది. జూన్ 14న ఈ3కి ముందు సొంత వేదిక మీద విస్తారంగా ఆడి చూపించి, నవంబర్ 10న విడుదల అంది. చెప్పిన రోజునే వచ్చింది. మొత్తం ఐదు నెలలు. చూపించినదంతా అప్పటికే దాదాపు పూర్తయిన గేమ్ కాబట్టి మాట తప్పే అవకాశం తక్కువ. పైగా ఆ సాయంత్రమే ‘ఫాలౌట్ షెల్టర్’ అనే ఉచిత మొబైల్ గేమ్‌ను ఐఫోన్లలోకి వదిలారు. ఉత్సాహం పొంగిన ఆ క్షణాన జనం చేతికి ఏదో ఒకటి అందింది. వేదిక మీద దీపాలు ఆరిపోయాక కూడా ఐదు నెలల పాటు ఫోన్‌లో ఫాలౌట్ పేరు కదులుతూనే ఉంది. ప్రచారకళలో ఇంత పొందికైన ఎత్తుగడ నేను మరొకటి చూడలేదు. అయితే ఒక్కటి మరచిపోకూడదు. ‘ఫాలౌట్ 3’ 2008లోనే కోట్లు ఆర్జించి, ఏడేళ్ల ఆకలిని మిగిల్చి వెళ్లింది. ఐదు నెలల ప్రచారం వెనక ఏడేళ్ల పునాది ఉంది.

ఐదు నెలల సూత్రాన్ని ఇంత అందంగా చూపించిన అదే బెథెస్డా, మూడేళ్లు తిరిగేసరికి 2018 జూన్‌లో ‘ఎల్డర్ స్క్రోల్స్ 6’ టీజర్ వదిలింది. కొండలు, మబ్బులు, పేరు. అర నిమిషం పైచిలుకు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పటికి వాళ్ల బృందం ‘స్టార్‌ఫీల్డ్’ పనిలో తలమునకలై ఉంది. అది పూర్తయి విడుదలైందే 2023 సెప్టెంబర్‌లో. మరి ఆ టీజర్ ఎవరికోసం? ఆ ఏడాది వాళ్లు ‘ఫాలౌట్ 76’ అనే ఆన్‌లైన్ గేమ్, ఒక మొబైల్ గేమ్ తెస్తున్నారు. ఒంటరిగా ఆడుకునే పెద్ద గేమ్‌లకు నీళ్లొదిలేశారా అని పాత అభిమానులు గొణుగుతున్నారు. వాళ్ల నోటికి తాళం వేయడానికి ఆ అర నిమిషం పనికొచ్చింది. అంటే ఆ టీజర్ అమ్మింది గేమ్‌ను కాదు, ఓపికను.

ఇలాంటి దూరపు ప్రకటనలకు ఇంకా చాలామంది శ్రోతలున్నారు. ఉద్యోగాలు వెతుక్కునే నిపుణులు ఒకరు. 2022 మార్చిలో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ కొత్త ‘విచర్’ కథ మొదలైందని ఒక్క బొమ్మతో చెప్పింది. కొత్త ఇంజిన్‌కు మారుతున్నామన్న కబురు కూడా అందులోనే ఉంది. ఆ ఇంజిన్ తెలిసిన ప్రోగ్రామర్లకు అది ఆహ్వానపత్రిక. కన్సోల్ కొనాలా వద్దా అని ఊగిసలాడేవాడు ఇంకొకరు. 2020లో మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్ తెచ్చినప్పుడు దానికంటూ చేతిలో ఉన్న కొత్త గేమ్‌లు తక్కువ. అందుకే ‘రాబోయేవి ఇవీ’ అంటూ పేర్ల దండ చూపించింది. 2019లోనే పరిచయం చేసిన ‘ఎవర్‌వైల్డ్’, 2020 డిసెంబర్‌లో ప్రకటించిన ‘పర్ఫెక్ట్ డార్క్’ ఆ దండలోవే. రెండింటినీ 2025 జులైలో రద్దు చేశారు. వాటిని నమ్మి ఎక్స్‌బాక్స్ కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి ఏదీ లేదు. నింటెండో కూడా ఈ పాపానికి దూరం కాదు. 2017 జూన్‌లో ‘మెట్రాయిడ్ ప్రైమ్ 4’ అని కేవలం ఒక అంకె చూపించి, 2019 జనవరిలో పని మొత్తం మళ్లీ మొదలుపెడుతున్నామని ఒప్పుకుని, 2025 డిసెంబర్‌లో విడుదల చేసింది. మొదటి టీజర్ చూసినప్పుడు పదో తరగతిలో ఉన్న కుర్రాడు, గేమ్ వచ్చేసరికి ఉద్యోగంలో చేరి ఉంటాడు.

ఇక షేర్ మార్కెట్. పబ్లిషర్ల తేదీలను అర్థం చేసుకోవాలంటే గేమ్ పత్రికల కన్నా మార్చి 31ని గుర్తుపెట్టుకోవడం మేలు. టేక్ టూ, ఈఏ, యూబీసాఫ్ట్ ఆర్థిక సంవత్సరాలు ఆ రోజుతోనే ముగుస్తాయి. యూబీసాఫ్ట్ ‘అసాసిన్స్ క్రీడ్ షాడోస్’ను 2024 నవంబర్ 15 నుంచి 2025 ఫిబ్రవరి 14కు, అక్కడి నుంచి మార్చి 20కి జరిపింది. లెక్కల పుస్తకం మూతపడటానికి పదకొండు రోజుల ముందు. మరో నెల దొరికితే గేమ్‌కు మంచిదే కావచ్చు, కానీ ఆ నెల వేరే ఏడాది పద్దులోకి పోతుంది. మన కళ్లకు కనిపించే ట్రైలర్ తేదీ వెనక చాలాసార్లు ఇలాంటి గడి ఒకటి ఉంటుంది.

ఇదంతా ఒకేచోట పోగుపడితే ఏమవుతుందో చూపించింది ‘సైబర్‌పంక్ 2077’. ప్రకటన 2012 మేలో. అప్పటికి సీడీ ప్రాజెక్ట్ చేతిలో ‘విచర్ 3’ పని ఇంకా ఉంది. 2013 జనవరిలో అందమైన టీజర్. తర్వాత ఐదేళ్ల పైచిలుకు దాదాపు మౌనం. 2018 ఈ3లో మళ్లీ వెలుగు. 2019 ఈ3లో నటుడు కీయానూ రీవ్స్ స్వయంగా వేదిక మీదకు వచ్చి 2020 ఏప్రిల్ 16 అన్నాడు. ఆ క్షణం దాకా ఆ ప్రచారంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తేదీ నోటి నుంచి జారిన తర్వాతే మొదలైంది అసలు కథ. ఏప్రిల్ సెప్టెంబర్ 17 అయింది, అది నవంబర్ 19 అయింది. అక్టోబర్ మొదట్లో, డిస్కులు ముద్రించడానికి మాస్టర్ కాపీ సిద్ధమైందని సగర్వంగా చాటారు. పరిశ్రమలో ఆ మాట చెప్పాక ఇక వాయిదా ఉండదని లెక్క. మూడు వారాలకే అక్టోబర్ 27న ఇంకో ఇరవై ఒక్క రోజులు కావాలన్నారు.

అప్పటికి వెనక్కి తగ్గే దారి లేదు. ప్రకటనల స్థలం కొనేశారు, పండగ సీజన్ ముంచుకొచ్చింది, 80 లక్షల మంది ముందే డబ్బు కట్టేశారు. అదనపు పనిగంటలు బలవంతం చేయమని 2019లో మాటిచ్చిన యాజమాన్యం, చివరి వారాల్లో వారానికి ఆరు రోజుల పని పెట్టింది. విమర్శకులకు ముందుగా ఇచ్చింది పీసీ కాపీలే. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద గేమ్ ఎలా ఉందో డిసెంబర్ 10 దాకా బయటివాళ్లెవరికీ తెలియదు. తెలిశాక గొడవ గొడవ అయింది. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి ఆ గేమ్‌ను తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. మళ్లీ అది అక్కడ కనిపించింది 2021 జూన్ 21న. ప్రచారం విఫలమైందా? లేదు, మొదటి పది రోజుల్లో కోటీ ముప్పై లక్షల కాపీలు పోయాయి. ప్రచారం అతిగా ఫలించడమే ఇక్కడ జబ్బు. జనంలో ఎదురుచూపు పతాకస్థాయికి చేరిన తేదీ, గేమ్ పూర్తయిన తేదీ ఒకటి కాలేదు. మొదటిదాన్ని ఆపే మార్గం ఎవరి చేతిలోనూ లేకపోయింది.

సమీక్షల గడియారం గురించి ఇక్కడే ఒక మాట. విమర్శకుడికి కాపీ ఎప్పుడిస్తారు, రాసింది ఎప్పుడు బయటపెట్టనిస్తారు అన్నది కూడా ప్రచార పట్టికలో భాగమే. 2014లో ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ సమీక్షల మీద నిషేధం అమెరికాలో గేమ్ అమ్మకానికి వచ్చిన దాదాపు పన్నెండు గంటల తర్వాత ఎత్తేశారు. అర్ధరాత్రి కొన్నవాడికి మధ్యాహ్నం తెలిసింది, పాత్రల ముఖాలు మాయమై కళ్లూ పళ్లూ మాత్రమే గాల్లో వేలాడే లోపం ఉందని. నా మట్టుకు నేను ట్రైలర్ల కన్నా ఈ తేదీనే ఎక్కువ నమ్ముతాను. సమీక్షలు వారం ముందే వస్తున్నాయంటే తయారు చేసినవాడికి ధైర్యం ఉంది. విడుదల ఘడియ దాకా నోళ్లు కట్టేశారంటే, ముందే డబ్బు కట్టడం అనవసరం.

మరోవైపు, అసలు ప్రకటనే లేకుండా విడుదల. 2019 ఫిబ్రవరి 4న ఈఏ కంపెనీ ‘ఏపెక్స్ లెజెండ్స్’ను ప్రకటించిన రోజే వదిలింది. వారంలో రెండున్నర కోట్ల మంది ఆడారు. అంతా దానంతటదే జరిగిందనుకుంటే పొరపాటు. పేరున్న స్ట్రీమర్లను ముందే రప్పించి ఆడించారు. వాళ్లలో నింజాకు దాదాపు పది లక్షల డాలర్లు ముట్టాయని రాయిటర్స్ రాసింది. అంటే నెలల పాటు పలచగా పరచాల్సిన ప్రచారపు సొమ్మును ఒక్క వారంలోకి కుక్కారు. పైగా గేమ్ ఉచితం. చూసినవాడు ఆలోచించుకోవాల్సిన అవసరం లేదు. 2023 జనవరి 25న మైక్రోసాఫ్ట్ ‘హై ఫై రష్’ను ఇలాగే తెచ్చి మెప్పు పొందింది. నెలవారీ గేమ్ పాస్ చందా ఉన్నవాళ్లకు అదనపు ఖర్చు లేకపోవడం అక్కడ కలిసొచ్చింది. మెప్పు మాత్రం దాన్ని తయారు చేసిన స్టూడియోను కాపాడలేకపోయింది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటిస్తే, కొరియా కంపెనీ క్రాఫ్టన్ వచ్చి ఆదుకుంది. 2025 ఏప్రిల్ 22న వచ్చిన ‘ఆబ్లివియన్’ కొత్త రూపం సంగతి వేరు. 2006 నాటి గేమ్ అది. పరిచయం చేయాల్సిన పని పంతొమ్మిదేళ్ల కిందటే అయిపోయింది.

ఈ మూడింటికీ డబ్బు లేకుండా చేరే దారో, కొత్తగా చెప్పనక్కర్లేని పేరో ఏదో ఒకటి ఉంది. రెండూ లేనివాడు పొట్టి ప్రచారానికి పోతే ఏమవుతుంది? సోనీ ‘కాన్‌కార్డ్’ చూడండి. కొత్త పేరు, కొత్త పాత్రలు, 40 డాలర్ల ధర. ఎలా ఆడాలో చూపించింది 2024 మే చివర్లో, విడుదల ఆగస్టు 23న, సర్వర్లు మూసేసింది సెప్టెంబర్ 6న. పద్నాలుగు రోజుల ఆయుష్షు. ప్రచారం పొడవు పెంచి ఉంటే అది బతికేదని నేను అనుకోను. కానీ మూడు నెలల్లో ఎవరికీ పరిచయం లేని ముఖాలను జనం గుండెల్లోకి ఎక్కించడం ఎంత సోనీకైనా సాధ్యం కాదు. అదే మరుసటి ఏడాది ‘బాటిల్‌ఫీల్డ్ 6’ జులై చివర్లో ట్రైలర్ చూపించి, ఆగస్టులో రెండు విడతలుగా జనంతో ఉచితంగా ఆడించి, అక్టోబర్ 10న వస్తే మూడు రోజుల్లో 70 లక్షల కాపీలు పోయాయి. అక్కడ ట్రైలర్ చేయాల్సిన పని ఆ ఉచిత ఆట (బీటా) చేసింది. చేతిలో పెట్టి ఆడించిన తర్వాత రెండు నెలలకు మించి ఆగితే ఆ రుచి పోతుందని వాళ్లకు తెలుసు.

పెద్దవాళ్ల సంగతి ఇలా ఉంటే, ఒక్కరో ఇద్దరో కూర్చుని గేమ్ చేసుకునేవాళ్ల లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వాళ్లు ఎంత ముందు చెబితే అంత మంచిది. కారణం స్టీమ్ పనిచేసే తీరు. అక్కడ గేమ్ పేజీ విడుదలకు కనీసం రెండు వారాల ముందు తెరవాలన్నది నిబంధన. తెలిసినవాళ్లెవరూ రెండు వారాలతో సరిపెట్టుకోరు. చూపించడానికి నాలుగు మంచి బొమ్మలు తయారైన రోజే పేజీ పెట్టేస్తారు. పేజీకి వచ్చినవాడు నచ్చితే ‘విష్‌లిస్ట్’ బొత్తాం నొక్కుతాడు. విడుదలైన రోజున అతనికి స్టీమే ఈమెయిల్ పంపుతుంది. 20 శాతం, అంతకు మించి ధర తగ్గించినా పంపుతుంది. అంటే ఆ ఒక్క నొక్కు ఒక చిరునామా లాంటిది, దాచుకుంటే మురిగిపోదు. చిరునామాలు తగినన్ని పోగైతే స్టీమ్ ముఖద్వారంలోని ‘త్వరలో రానున్నవి’ వరసలో పేరు కనిపిస్తుంది. దానికి ఏడెనిమిది వేలు కావాలన్నది చిన్న డెవలపర్ల మధ్య తిరిగే నోటిలెక్క. స్టీమ్ యజమాని వాల్వ్ ఎన్నడూ అధికారికంగా చెప్పిన సంఖ్య కాదు.

వీళ్లకు పెద్ద సంత ‘నెక్స్ట్ ఫెస్ట్’. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ నెలల్లో, రాబోయే గేమ్‌ల డెమోలను వారం పాటు ఉచితంగా ఆడనిస్తారు. ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం. అందుకే ఏ విడతలో దూరాలన్నది చిన్న స్టూడియోకు జీవన్మరణ సమస్య. తొందరపడితే డెమో పచ్చిగా ఉంటుంది. విడుదలకు చాలా ముందే వాడేస్తే తర్వాత చేతిలో ఏమీ మిగలదు. అప్పటికే విష్‌లిస్టులు పోగేసుకున్నవాడికే సంతలో కూడా మంచి చోటు దొరుకుతుంది. ఓపిక ఫలిస్తే ఎలా ఉంటుందో ‘మేనర్ లార్డ్స్’ చూపించింది. ప్రధానంగా ఒకే ఒక్క పోలండ్ డెవలపర్ ఏళ్ల తరబడి మలచిన మధ్యయుగపు ఊరి గేమ్ అది. 2024 ఏప్రిల్ 26న వచ్చేనాటికి 30 లక్షల మందికి పైగా దాన్ని విష్‌లిస్టులో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క రోజులో పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ డెవలపర్ గనక ఫాలౌట్ సూత్రం పాటించి ఐదు నెలల ముందు మాత్రమే నోరు విప్పి ఉంటే, వినేవాడే ఉండేవాడు కాదు. ఇదే దూరపు ప్రకటన బెథెస్డా చేస్తే నేను తప్పుపట్టాను, ఇక్కడ మెచ్చుకుంటున్నాను. తేడా ఏమిటంటే ఇక్కడ తొలి రోజు నుంచీ శ్రోత కొనేవాడే, నొక్కాల్సిన బొత్తాం కూడా ఆ పేజీలోనే ఉంది.

వేదికల ధర కూడా ఇందులో ఒక కోణం. నింటెండో 2011 నుంచే సొంత వీడియో కార్యక్రమాలతో ఈ3 అవసరం తగ్గించుకుంది. సోనీ 2019లో పూర్తిగా మానేసింది. 2023 డిసెంబర్‌లో ఈ3కి శాశ్వతంగా తెరపడింది. దాని స్థానంలోకి వచ్చిన సమ్మర్ గేమ్ ఫెస్ట్‌లో 2024లో ఒక నిమిషం ట్రైలర్‌కు రెండున్నర లక్షల డాలర్లు అడిగారని ఎస్క్వైర్ పత్రిక బయటపెట్టింది. ఏడాదికి ఒక్క ఈ3 తప్ప దిక్కులేని కాలం పోయింది. ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, కానీ జనం ఒకేచోట గుమిగూడిన నిమిషం ఖరీదెక్కింది.

విడుదల తేదీ పక్కన ఇంకెవరున్నారన్నది మనకు వేరే చెప్పనక్కర్లేని విషయం. సంక్రాంతికి నాలుగు సినిమాలు థియేటర్ల కోసం కొట్టుకోవడం చూస్తూ పెరిగినవాళ్లం. గేమ్‌లలో ఆ కొట్లాట ఇంకా కఠినం. సినిమా మూడు గంటల్లో అయిపోతుంది, ప్రేక్షకుడు పండగ మూడు రోజుల్లో మూడూ చూడగలడు. గేమ్ వంద గంటలు తినేస్తుంది, పక్కవాడికి ఏమీ మిగలదు. 2016 అక్టోబర్ 28న ‘టైటన్‌ఫాల్ 2’ వచ్చింది. దానికి వారం ముందు ‘బాటిల్‌ఫీల్డ్ 1’, వారం తర్వాత కొత్త ‘కాల్ ఆఫ్ డ్యూటీ’. బాటిల్‌ఫీల్డ్‌ను విడుదల చేసింది కూడా అదే ఈఏ. సొంత ఇంటి అన్నే తమ్ముణ్ని నలిపేశాడు. విమర్శకులంతా మెచ్చుకున్న ఆ గేమ్ అమ్మకాల్లో చతికిలబడింది. సోనీ ‘హొరైజన్’ పరంపరకు కూడా ముహూర్తం కలిసిరాలేదు. మొదటి భాగం వచ్చిన మూడో రోజున కొత్త ‘జెల్డా’, రెండో భాగం వచ్చిన వారానికి ‘ఎల్డెన్ రింగ్’. రెండుసార్లూ లోకమంతా పక్కింటి గేమ్ గురించే మాట్లాడుకుంది.

ఇప్పుడు అందరి కళ్లూ ‘జీటీఏ 6’ మీద. మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్ 5న మన సమయం ప్రకారం సాయంత్రం ఏడున్నరకు రావాలి. ముందే లీక్ కావడంతో దాని తయారీదారు రాక్‌స్టార్ తెల్లవారుజామునే అధికారికంగా వదిలేసింది. ఒక్క రోజులో తొమ్మిది కోట్లకు పైగా చూశారు. తర్వాత ఏడాదిన్నర పాటు కిమ్మనలేదు. 2025 మే 2న విడుదలను 2026 మే 26కు వాయిదా వేసి, నాలుగు రోజులకే హెచ్చరిక లేకుండా రెండో ట్రైలర్ వదిలింది. ఆ వరస యాదృచ్ఛికం అని నేను నమ్మను. చేదు మందు మింగించిన వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టింది. నవంబర్‌లో మళ్లీ 2026 నవంబర్ 19కి జరిపింది. విడుదల దగ్గరపడ్డాకే ప్రచారం పెంచుతామని మాతృసంస్థ టేక్ టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు. మౌనమే ప్రచారమయ్యే అదృష్టం ఇంకెవరికీ లేదు. తమాషా ఏమిటంటే, రాక్‌స్టార్ తేదీ మార్చిన ప్రతిసారీ మిగతా పబ్లిషర్లందరూ తమ పట్టికలు దిద్దుకోవాల్సి వస్తోంది. తమ గేమ్‌ను ఎప్పుడు ప్రకటించాలన్న నిర్ణయం వాళ్ల చేతుల్లో సగమే ఉంది.

విడుదలతో ఈ గడియారం ఆగిపోతుందనుకోవడం కూడా పాత లెక్కే. బ్రిటన్‌లోని హెలో గేమ్స్ 2013 డిసెంబర్‌లో ‘నో మ్యాన్స్ స్కై’ చూపించి ఊహకందని ఆశలు రేపింది. ఆ చిన్న బృందం అధిపతి షాన్ మర్రే ఏ ఇంటర్వ్యూలో ఏది అడిగినా కాదనలేకపోయాడు. 2016 ఆగస్టులో చేతికొచ్చిన గేమ్‌లో అందులో చాలా భాగం లేదు. స్టీమ్ పేజీలో మోసపూరిత ప్రకటనలున్నాయని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థకు ఫిర్యాదులు వెళ్లాయి. విచారించి తప్పు లేదని తేల్చింది. ఆ తర్వాత మర్రే బృందం మాటలు మానేసింది. ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇస్తూ పోయింది. ఏది వస్తోందో సాధారణంగా కొద్ది రోజుల ముందు తప్ప చెప్పేది కాదు. తిట్టినవాళ్లే తిరిగొచ్చారు. అలా మౌనం విలువ తెలిసిన ఆ మనిషే సరిగ్గా పదేళ్లకు, 2023 డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్ వేదిక మీదకు వచ్చి ‘లైట్ నో ఫైర్’ అనే కొత్త గేమ్ ట్రైలర్ చూపించాడు. ఈసారి భూమంత పెద్ద గ్రహం, అందరూ కలిసి తిరగొచ్చు అన్నాడు. స్టీమ్ పేజీ అప్పుడే తెరిచాడు. ట్రైలర్‌లో విడుదల తేదీ లేదు.